పురుగు తిన్న పైరు ఏది?
స్థిర ఐసోటోపులు చెప్పు సాక్ష్యము

నల్లగొండ జిల్లాలో హైదరాబాదునుండి విజయవాడకు పోవు రహదారిమీద కేతేపల్లి కలదు. మూసీ ప్రాజెక్టు కాలువ నీరు అందినంత మేర వరిపొలములు. నీరు ఎక్కని ఎర్రచెలకలలో ప్రత్తి, అక్కడక్కడ కంది. నల్లగొండ, మహబూబునగరు జిల్లాల చెలకలలో పూర్వము జొన్న, సజ్జ, ఆముదము విస్తారముగా పండుచుండెడివి. నేడు వాటి విస్తీర్ణము మిక్కిలి తగ్గినది; వాటి స్థానమును చాలచోట్ల ప్రత్తి ఆక్రమించినది.

ఇట్టి ఊరిలో ప్రత్తిచేనియందు లింగాకర్షక బుట్ట కట్టినచో, తెల్లవారుసరికి దానిలో శనగపచ్చ పురుగు జాతికి చెందిన రెక్కలపురుగులు పడియుండును. ఇవి ప్రత్తిచేనిలో దొరికినవి కనుక ప్రత్తిలోనే పెరిగినవని అనుకొనుట సహజము. కాని శనగపచ్చ పురుగు ఒక్క పైరును నమ్ముకొని బ్రతుకునది కాదు. ప్రత్తి, కంది, శనగ, జొన్న, సజ్జ, మొక్కజొన్న, టమాట మొదలుగా నూటికి మించిన జాతుల మొక్కలు దానికి ఆహారము. పైగా రెక్కలు వచ్చిన పిమ్మట అది ఎంతో దూరము ఎగిరిపోగలదు. అట్లయినచో బుట్టలో పడిన ఈ పురుగు గొంగళిగా ఉన్నప్పుడు ఏ పైరు తిని పెరిగినది?

ఇది వట్టి కుతూహలము తీర్చుకొనుటకు వేయు ప్రశ్న కాదు. బి.టి. ప్రత్తి ఎంతకాలము పనిచేయును, ఏ పైరు ప్రక్కన ఏ పైరు వేసిన మేలు, మందు ఎక్కడ చల్లవలెను అను విషయములు ఈ ప్రశ్నకు వచ్చు సమాధానముపై ఆధారపడి యున్నవి. పురుగును ఎంత పరీక్షగా చూచినను, సూక్ష్మదర్శినితో చూచినను, అది తిన్న పైరు కంటికి కనబడదు. కాని దాని రెక్కలోని పరమాణువులలో ఆ వివరము భద్రముగా నిలిచియుండును. దానిని చదువు పద్ధతియే స్థిర ఐసోటోపుల పద్ధతి.

ఐసోటోపు అనగానేమి?

కర్బన పరమాణువులు అన్నియు ఒకే బరువు కలవి కావు. ప్రతి కర్బన పరమాణువు కేంద్రకములోను 6 ప్రోటానులు ఉండును. న్యూట్రానులు మాత్రము చాలవాటిలో 6, కొన్నిటిలో 7 ఉండును. మొదటిది కర్బనము-12, రెండవది కర్బనము-13. నూరు పరమాణువులలో రమారమి 99 మొదటి రకమునకు, ఒకటి రెండవ రకమునకు చెందును. రసాయన గుణములలో రెండును ఒకటే. మూలకముల పట్టికలో రెండిటికిని ఒకటే గడి. అందువలననే వీటికి సమస్థానీయములని కూడ పేరు. ఐసోటోపు అను మాటను 1913లో ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ సాడీ ప్రవేశపెట్టెను.

ఐసోటోపు అనగానే అణుధార్మికత జ్ఞప్తికి వచ్చుట కద్దు. కర్బనము-14 వంటివి కాలక్రమమున విచ్ఛిన్నమగుచు కిరణములను వెలువరించును. కర్బనము-13 అట్టిది కాదు. అది ఎన్నటికి మారదు, ఏ కిరణమును విడువదు. కావుననే దానిని స్థిర ఐసోటోపు అందురు. నత్రజనిలో నత్రజని-15, ఉదజనిలో డ్యుటీరియము అనబడు భార ఉదజని ఇట్టివే. ప్రతి గింజలోను, ప్రతి ఆకులోను, మానవుని దేహములోను ఇవి సహజముగా ఉన్నవి. వీటితో పరిశోధన చేయుటకు చేనిలో ఏ రసాయనమును చల్లనక్కరలేదు. ప్రకృతి వేసిన గుర్తునే చదివిన చాలును.

జొన్నకు, ప్రత్తికి గల భేదము

ఈ గుర్తు ఎట్లు పడును? మొక్క గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి, సూర్యరశ్మి సహాయమున చక్కెరగా మార్చుకొనును. ప్రత్తి, వరి, కంది, వేరుశనగ, ఆముదము, శనగ మొదలైన మొక్కలలో ఈ వాయువును మొట్టమొదట పట్టుకొను ఎంజైమునకు రుబిస్కో అని పేరు. తేలికయైన కర్బనము-12 గల అణువులతో ఇది త్వరగా సంయోగము చెందును. బరువైన కర్బనము-13 గల అణువులను కొంతవరకు విడిచిపెట్టును. అందుచే ఈ మొక్కల దేహములో కర్బనము-13 పాలు గాలిలో కంటె తక్కువగా ఉండును.

జొన్న, సజ్జ, మొక్కజొన్న, చెరకు, రాగి వేరొక మార్గమున పోవును. వీటిలో వాయువును మొదట పట్టుకొనునది వేరొక ఎంజైము. దానికి తేలిక, బరువుల యెడ అంత పక్షపాతము లేదు. అది పట్టి తెచ్చిన కర్బనము ఆకు ఈనెల చుట్టు నుండు కణములలో బంధింపబడి, అక్కడ రుబిస్కోకు అప్పగింపబడును. బయటకు పోవు దారి లేనందున రుబిస్కోకు ఏరుకొనుటకు అవకాశము తక్కువ. ఈ మార్గములో మొదట ఏర్పడు పదార్థమున నాలుగు కర్బన పరమాణువులుండును. కనుక ఈ మొక్కలకు సి-4 మొక్కలనియు, మూడు కర్బనముల పదార్థముతో ప్రారంభించు మొదటి తెగకు సి-3 మొక్కలనియు పేర్లు వచ్చినవి. చెరకులో ఈ క్రొత్త మార్గము జాడను హవాయి దీవుల శాస్త్రజ్ఞులు 1965లో ప్రకటించిరి. ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ 1966లో దానిని వివరించిరి. తెలుగునాట తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయములో వి. ఎస్. రామదాస్, ఎ. ఎస్. రాఘవేంద్ర 1970 దశకములో సి-4 మొక్కలపై విస్తృతముగా పరిశోధనలు చేసిరి.

భేదము ఎంతటిది? పది లక్షల కర్బనము-12 పరమాణువులు తీసికొన్నచో, వాటితో కూడ ప్రత్తి ఆకులో సుమారు 10,930 కర్బనము-13 పరమాణువులుండగా, జొన్న ఆకులో సుమారు 11,090 ఉండును. ఇంత చిన్న భేదమును చెప్పుటకు శాస్త్రజ్ఞులు ఒక కొలత ఏర్పరచుకొనిరి. అమెరికాలోని దక్షిణ కరొలీనా ప్రాంతమున దొరికిన ఒకానొక శిలాజపు సున్నమును ప్రమాణముగా గైకొని, దానికంటె వేయింటికి ఎన్ని పాళ్ళు ఎక్కువయో తక్కువయో చెప్పుదురు. దీనికి డెల్టా విలువ అని పేరు. ఈ కొలతలో సి-3 మొక్కల విలువ సాధారణముగా −27 ప్రాంతమున, సి-4 మొక్కల విలువ −13 ప్రాంతమున ఉండును.

వర్షాభావమున ఈ విలువలు కొంత మారును. నీటి ఎద్దడిలో సి-3 మొక్క ఆకు రంధ్రములను బిగించుకొనును. లోనికి వచ్చిన కొద్దిపాటి వాయువును ఏరకుండ వాడుకొనవలసి వచ్చును. విలువ కొంచెము పైకి జరుగును. ఈ లక్షణము ఆధారముగా పటాన్‌చెరు ఇక్రిశాట్ సంస్థకు చెందిన ఆర్. సి. నాగేశ్వరరావు, ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు రైట్ 1990 ప్రాంతమున వేరుశనగలో నీటిని పొదుపుగా వాడు రకములను గుర్తించుటకై పరిశోధించిరి. అయితే ఈ మార్పు రెండు మూడు పాళ్ళకు మించుట అరుదు. రెండు తెగల మధ్య దూరము పదునాలుగు పాళ్ళు. కావున ఎంత కరవులోనైనను ప్రత్తి జొన్నవలె కనబడదు.

తిండియే దేహము

మొక్కలోని గుర్తు దానిని తిన్న జంతువులోనికి వచ్చునా? ఈ విషయమును అమెరికాలో డినీరో, ఎప్‌స్టీన్ అను శాస్త్రజ్ఞులు నిర్ధారించిరి. ఈగ, చుంచెలుక మొదలైన జంతువులను తెలిసిన ఆహారముతో పెంచి, వాటి దేహములను పరీక్షించి 1978లో ఫలితములను ప్రకటించిరి. దేహములోని కర్బనము ఆహారములోని కర్బనమునే పోలియుండును. పెరుగుదల సగటున ఒక పాలు మాత్రమే. 1981లో నత్రజనిని గూర్చి ప్రకటించిరి. నత్రజని విషయములో పెరుగుదల ఎక్కువ. ఒక జీవి మరియొక జీవిని తినినప్పుడెల్ల నత్రజని-15 విలువ మూడు నాలుగు పాళ్ళు పైకి పోవుచుండును.

అనగా రెండు మూలకములు రెండు విధములైన సమాచారము నిచ్చుచున్నవి. ఆహారము ఏ తెగ మొక్కనుండి వచ్చినదో కర్బనము చెప్పును. ఆహారపు మెట్లలో ఆ జీవి ఎన్నవ మెట్టుపై ఉన్నదో నత్రజని చెప్పును. ఆకు తిను మిడుత మొదటి మెట్టుపై నుండగా, దానిని పట్టి తిను సాలీడు అంతకంటె మూడు నాలుగు పాళ్ళు పైన ఉండును.

రెక్కలపురుగులో మరియొక సౌకర్యము కలదు. దాని రెక్క ప్యూపా దశలోనే, గొంగళి కూడబెట్టిన పదార్థముతో తయారగును. తరువాత అది మారదు. పురుగు బయటకు వచ్చి ఏ పూవు తేనె త్రాగినను కడుపులోని క్రొవ్వు మారవచ్చును గాని రెక్క మారదు. కనుక రెక్క పరీక్షించినచో గొంగళి దశలోని తిండి తెలియును.

పరీక్షించు విధానము చెప్పుటకు సులభము, చేయుటకు నేర్పు కావలెను. రెక్క ముక్కను శుభ్రపరచి, ఎండబెట్టి, మిల్లిగ్రాము పరిమాణములో తూచి, చిన్న తగరపు గిన్నెలో చుట్టుదురు. దానిని కొలిమిలో ఆమ్లజనితో మండించినచో కర్బనము బొగ్గుపులుసు వాయువుగా వెలువడును. ఆ వాయువును మాస్ స్పెక్ట్రోమీటరు అను యంత్రములోనికి పంపుదురు. అందులో అణువులు విద్యుత్పూరితములై అయస్కాంతము ప్రక్కగా పోవునప్పుడు తేలికవి ఎక్కువగాను, బరువైనవి తక్కువగాను వంగును. 44 బరువు గలవి ఒకచోట, 45 బరువు గలవి వేరొకచోట పడును. వాటి నిష్పత్తిని యంత్రము లెక్కించును. ఇట్టి యంత్రములు హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలోను, బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయములోను కలవు.

ఆశ్రయపు పైరు

ఈ పద్ధతి వ్యవసాయమునకు ఎట్లు అక్కరకు వచ్చునో బి.టి. ప్రత్తి కథ చెప్పుచున్నది. 1997–98లో వరంగల్ ప్రాంతమున పురుగుల తాకిడికి ప్రత్తి నాశనమై, అప్పులపాలైన రైతులు అనేకులు ప్రాణములు తీసికొనిరి. 2002 మార్చిలో కేంద్ర ప్రభుత్వము బి.టి. ప్రత్తి సాగుకు అనుమతి నిచ్చినది. ఈ మొక్క తనలోనే కాయతొలుచు పురుగులను చంపు ఒక మాంసకృత్తును తయారుచేసికొనును. కాని ఏ విషమునకైనను తట్టుకొను పురుగులు లక్షలలో ఒకటి రెండు పుట్టుచునే ఉండును. తట్టుకొన్న పురుగు తట్టుకొన్న పురుగుతోనే జతకూడినచో వాటి సంతానమంతయు తట్టుకొనునదే యగును. కొన్నేండ్లలో విషము నిష్ప్రయోజనమగును.

దీనికి విరుగుడు ఆశ్రయపు పైరు. విషము లేని మొక్కలపై పెరిగిన మామూలు పురుగులు అధికముగా ఉన్నచో, అరుదుగా పుట్టిన తట్టుకొను పురుగు వాటిలో ఒకదానితో జతకూడును. తట్టుకొను గుణము అంతర్గతమైనదైనచో, అట్టి జంటకు పుట్టిన పిల్లలు బి.టి. మొక్క తిని చచ్చును. అందువలననే చేనులో ఇరువదవ వంతు కాదు, అయిదవ వంతు, లేదా చుట్టును అయిదు సాళ్ళు మామూలు ప్రత్తి వేయవలెనని నియమము పెట్టిరి. దీనికై విత్తనపు సంచితో కూడ మామూలు ప్రత్తి విత్తనము ఇచ్చుచుండిరి. కాని దిగుబడి పోవునను భయముతో ఎక్కువమంది రైతులు దానిని విత్తలేదు.

మరి శనగపచ్చ పురుగునకు ప్రత్తి ఒక్కటియే ఆహారము కాదు గదా! చుట్టునున్న జొన్న, కంది, శనగ చేలు సహజముగానే ఆశ్రయమగుచున్నవా? దీనికి జవాబు చెప్పుటకు ఐసోటోపులు సరియైన సాధనము. అమెరికాలో దీనికి దగ్గర చుట్టమైన మొక్కజొన్న కండె పురుగుపై గూల్డ్ అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి ఈ పరీక్ష చేసి 2002లో ప్రకటించెను. ప్రత్తి ప్రాంతములో పట్టిన రెక్కలపురుగులలో పెక్కింటి రెక్కలు సి-4 గుర్తును చూపినవి. అనగా అవి మొక్కజొన్న వంటి పైరుపై పెరిగి వచ్చినవి. ఆ ప్రాంతములో మొక్కజొన్న ఎండిపోయిన పిమ్మట కూడ ఇట్టి పురుగులు పడుచుండుటచే, అవి ఉత్తరదిక్కున నున్న మొక్కజొన్న సీమనుండి ఎగిరి వచ్చినవై యుండునని వారు ఊహించిరి.

భారతదేశములో రెండు పురుగుల చరిత్ర ఈ విషయమునకు మంచి ఉదాహరణము. గులాబిరంగు కాయతొలుచు పురుగు దాదాపు ప్రత్తిపైననే బ్రతుకును; దానికి బయట ఆశ్రయము లేదు. అది గుజరాతులో మొదటి తరము బి.టి. ప్రత్తిని తట్టుకొనుచున్నట్లు 2010లో ప్రకటింపబడినది; 2015 నాటికి రెండు విషములు గల రెండవ తరము ప్రత్తిని కూడ తట్టుకొనినది. నేడు తెలంగాణ ప్రత్తి రైతునకు అది పెద్ద శత్రువు. అనేక పైరులు తిను శనగపచ్చ పురుగు మాత్రము అంత త్వరగా లొంగని స్థితికి రాలేదు. బయటి పైరుల ఆశ్రయము దీనికి ముఖ్యకారణములలో ఒకటియని శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

రైతు మిత్రులు

చేనిలోని పురుగులన్నియు శత్రువులు కావు. పేనుబంకను తిను అక్షింతల పురుగు రైతునకు మిత్రుడు. ఇది జొన్నలోని పేనుబంకను తిని పెరిగి, జొన్న కోసిన తరువాత ప్రత్తిలోనికి వచ్చుచున్నదా? కర్బనపు విలువ చూచి లెక్క వేయవచ్చును. ప్రత్తిపై పేనుబంక విలువ −27, జొన్నపై పేనుబంక విలువ −13 అనుకొందురు గాక. అక్షింతల పురుగు విలువ −20 అయినచో అది రెండిటికి సరిగా నడుమ నున్నది, ఆహారము చెరిసగము. −17 అయినచో, −27 నుండి దాని దూరము 10. మొత్తము దూరము 14. పదింటిని పదునాలుగుచే భాగించినచో జొన్న పాలు నూటికి సుమారు 71. ఆహారమునుండి దేహమునకు కలుగు ఒక పాలు పెరుగుదలను సులభముకొరకు ఇక్కడ విడిచితిమి.

కాలము కూడ కొంత తెలిసికొనవచ్చును. అమెరికాలో గ్రాటన్, ఫోర్బ్స్ అక్షింతల పురుగులకు ఒక తెగ ఆహారమును మాన్పించి రెండవ తెగ ఆహారము నిచ్చి పరిశీలించి 2006లో ఫలితములు తెలిపిరి. క్రొవ్వు, అండాశయముల వంటి భాగములలో క్రొత్త గుర్తు త్వరగా వచ్చినది. రెక్కలలో మార్పు చాల నెమ్మది. కనుక ఒకే పురుగు క్రొవ్వు ఇటీవలి తిండిని, రెక్క వెనుకటి తిండిని తెలుపును. రెండును వేరుగా ఉన్నచో అది ఒక చేనునుండి మరియొక చేనికి మారినదని గ్రహింపవచ్చును.

తూనీగ ప్రయాణము

ప్రయాణము దూరమైనదైనచో ఉదజని తోడ్పడును. సముద్రమునుండి లేచిన మేఘము లోనాడునకు పోవుచు వానలు కురియుకొలది, భార ఉదజని గల నీరు ముందుగా రాలిపోవును. అందుచే తీరమున కురియు వానకు, లోనాడున, కొండలమీద కురియు వానకు భార ఉదజనిలో భేదము ఉండును. ఆ నీటిలో పెరిగిన కీటకపు రెక్కలో ఆ భేదము నిలుచును.

వానకాలమున తెలుగు పల్లెలలో గుంపులుగా ఎగురు తూనీగలలో ఒక జాతి ప్రతి యేట అక్టోబరు ప్రాంతమున హిందూ మహాసముద్రములోని మాల్దీవులపై లక్షలుగా కనబడును. ఆ దీవులలో తూనీగ పిల్లలు పెరుగుటకు తగిన నేలమీది మంచినీరు లేదనియే చెప్పవలెను. అవి భారతదేశమునుండి సముద్రము దాటి తూర్పు ఆఫ్రికాకు పోవుచున్నవని ఆండర్సన్ అను జీవశాస్త్రజ్ఞుడు 2009లో ప్రతిపాదించెను. హాబ్సన్ మొదలైన శాస్త్రజ్ఞులు ఆయనతో కలిసి ఆ తూనీగల రెక్కలలోని ఉదజనిని పరీక్షించి, అవి ఉత్తర భారతము, దాని పరిసర ప్రాంతముల నీటిలో పెరిగి వచ్చినవని 2012లో ప్రకటించిరి.

పద్ధతికి గల హద్దులు

ఈ సాక్షి చెప్పజాలని సంగతులు కూడ కలవు. జొన్నను ప్రత్తినుండి వేరుచేయగలదు గాని, కంది ప్రత్తి రెండును సి-3 మొక్కలే కనుక కర్బనము వాటిని వేరుచేయజాలదు. అప్పుడు ఇతర సాక్ష్యములను జతపరుపవలెను. ప్రత్తిలో ఉండు గాసిపాల్ వంటి పదార్థపు జాడను పురుగు దేహములో వెదకుట ఒక ఉపాయము. నత్రజని మరియొక ఉపాయము. కంది వేళ్ళలోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని స్థాపించును. గాలినే ప్రమాణముగా గైకొనుటచే దాని విలువ సున్న. కంది విలువ సున్నకు దగ్గరగా ఉండును. పశువుల ఎరువులోని నత్రజని విలువ అంతకంటె ఎక్కువ.

కేతేపల్లి వంటి చోట నత్రజని మరియొక విధముగా పనికిరావచ్చును. మూసీ నది హైదరాబాదు నగరపు మురుగునీటిని మోసికొని వచ్చుచున్నది. మురుగునుండి వచ్చిన నత్రజనిలో నత్రజని-15 పాలు సాధారణముగా హెచ్చుగా ఉండును. ఆ నీటితో పండిన వరిపై పెరిగిన పురుగులకు, వానపై ఆధారపడిన చెలకలలో పెరిగిన పురుగులకు నత్రజని విలువలో తేడా ఉండుటకు అవకాశము కలదు. ఉన్నదో లేదో ముందుగా మొక్కలను పరీక్షించి చూడవలెను. ఏ ఊరిలోనైనను మొదట అక్కడి పైరుల విలువలు కొలువక పురుగు విలువను మాత్రము కొలిచినచో ప్రయోజనము లేదు.

మిక్కిలి ముఖ్యమైన హద్దు ఇంకొకటి కలదు. ఐసోటోపులు ఉన్న ఆశ్రయమును కనిపెట్టగలవే గాని లేని ఆశ్రయమును కల్పింపలేవు. నల్లగొండ, మహబూబునగరు చెలకలలో జొన్న, సజ్జ తగ్గుకొలది శనగపచ్చ పురుగునకు బి.టి. లేని ఆహారము తగ్గుచున్నది. ఇన్నాళ్ళు ప్రత్తిని కాపాడినది ప్రక్కచేలోని జొన్న, కందియే యైనచో, అవి మాయమగుటతో ఆ కాపుదల కూడ పోవును. గులాబిరంగు పురుగు విషయములో జరిగినదే దీని విషయములోను జరుగవచ్చును. ఏటేట రెక్కలపురుగులను పట్టి, వాటిలో సి-4 గుర్తు గలవి ఎన్నియో లెక్కించుచు వచ్చినచో, ఆ ప్రమాదము దాపురించుటకు ముందే జాడ తెలియును.

పాఠశాలలలో మాస్ స్పెక్ట్రోమీటరు ఉండదు. అయినను ఈ పరిశోధనలో మొదటి మెట్టును విద్యార్థులు చేయగలరు. తమ ఊరి పొలముల పటము గీసి, సి-3 పైరులకు ఒక రంగు, సి-4 పైరులకు వేరొక రంగు వేయవలెను. ఇంటిలోని పెద్దలనడిగి ముప్పది నలుబది ఏండ్ల క్రిందటి పటమును కూడ అట్లే గీయవలెను. రెండు పటములను ప్రక్కప్రక్కన ఉంచినచో, సి-4 రంగు ఎంత తరిగినదో, పురుగు ఆహారములో ఎంత మార్పు వచ్చియుండునో ఉపాధ్యాయులు సులభముగా బోధింపవచ్చును.